నా తీగె, ఆమె గుంజ, నడుమ డ్రయ్యర్

"తీగె నాది!" అని నేను.

"గుంజ నాది!" అని మా అక్క.

"నా తీగె లేకపోతే నీ గుంజకు పనేంది? కాకులు కూసునేటందుకా?"

"నా గుంజ లేకపోతే నీ తీగె యాడ కడ్తవే? నీ మెడకా?"

గీ లొల్లి ఇయ్యాల్టిది కాదు, పదకొండేండ్లది. పోయినసారి యాడ ఆపినమో గాడికెల్లే మల్ల షురూ చేస్తం. కానీ మొన్న వానకాలంల ఏమైందో చూడుండ్రి... గీ తీగె, గీ గుంజ కలిసి నన్ను కొత్తగూడెం దాంక గుంజకపోయినయ్. ఏసీ షాపుల నిలబెట్టి, పదిమంది ముందట ఏడిపించినయ్. ఉత్తగ అంటలేను, నిజంగనే కండ్లల్లకెల్లి నీళ్ళు! చాయ్ తాగుకుంట ఇనుండ్రి. నవ్వొస్తే నవ్వుండ్రి. నేను గూడ నవ్విన, కాకపోతే మూడు దినాలు పట్టింది.

అక్క అంటే తోడబుట్టింది కాదు, నా తోటికోడలు. పేరు రాహేలు. ములకలపల్లిల మా రెండిండ్లకు ఒకటే వాకిలి. మా ఆయన పోయి ఏడేండ్లయింది. పోయేటప్పుడు నాకు రెండు ఇచ్చిపోయిండు: ఒక బొగ్గుల ఇస్త్రీ పెట్టె, ఒక రాహేలు. పెట్టె వేడయితే చల్లారుతది. ఆమె చల్లారదు.

నేను బట్టలు ఉతికి బతుకుత. సిస్టర్ల దవాఖానా ఉన్నది కదా, గాడ పనిచేసే నర్సమ్మలయి పన్నెండు జతల తెల్ల డ్రెస్సులు వారం వారం నాకే వస్తయ్. ఉతకాలె, గంజి పెట్టాలె, ఆరెయ్యాలె, ఇస్త్రీ చెయ్యాలె, సోమవారం పొద్దుగాల అప్పజెప్పాలె. అదే నా బియ్యం, అదే నా ఉప్పు.

ఆరేసే దండెం తీగె మా తలుపు చట్టం కాడికెల్లి పోయి, అక్క పంచ కింద ఉన్న గుంజకు ముడి పడ్తది. ఎండకాలం ఏం ఫికర్ లేదు. వానకాలం వచ్చిందా, ఆ పంచ కిందనే ఆమె మిరపకాయలు పరుస్తది. కూలికి పోయినకాడ పైసలకు బదులు కాయలు తెచ్చుకుంటది, తేమ పట్టినయని మల్ల మల్ల ఆరబెట్టుకుంటది. నా బట్టల నీళ్ళు టప్ టప్ మని ఆమె కాయల మీద. ఇగ చూస్కోండ్రి!

ముందు వారమే సిస్టరమ్మ చెప్పింది. "ఎస్తేరమ్మా, రెండు డ్రెస్సులు తడి తడిగ ఉన్నయ్. ఇంకొక్కసారి గిట్ల తెస్తే, బస్టాండు కాడ కొత్తగ పెట్టిన లాండ్రీ ఆయనకు ఇచ్చేస్త. నన్నేం అనుకోవద్దు." నవ్వుకుంటనే చెప్పింది గానీ, సిస్టర్లు నవ్వుకుంట చెప్పిందే గట్టిది.

గా శుక్రారం పన్నెండు డ్రెస్సులు ఉతికి తీగెకేసి, సబ్బు కొనేటందుకు దుకాణం దాంక పోయొచ్చిన. వచ్చేవరకు ఏముంది? తీగె కిందున్నది. డ్రెస్సులు బురదల ఉన్నయ్. అక్క ముడి విప్పేసింది!

"నా కాయలు బూజు పడ్తే నువ్విస్తవా పైసలు?" అని ఎదురు నన్నే!

బోరింగు కాడ ఆడోళ్ళందరు బిందెలు పట్టుకోని చూస్తున్నరు. నాకు ఒళ్ళు మండింది. నోట్లకెల్లి ఏమొస్తుందో నాకే తెల్వకుండ వచ్చేసింది: "నీ గుంజను నువ్వే నెత్తిన పెట్టుకో! నేను మిషన్ కొంట! కరెంటుతోని బట్టలారే మిషన్! నీ గుంజ మొకం మల్ల చూస్తే నా పేరు ఎస్తేరు కాదు!"

అన్న. అయిపోయింది. బోరింగు కాడ అన్న మాట అంటే పొద్దూకేవరకు అశ్వారావుపేట దాంక పోతది. ఇగ కొనకుంటే ఎట్ల? ఒకపారి పాల్వంచల ఒక ఆఫీసరమ్మ ఇంట్ల గసొంటి మిషన్ చూసిన. తడి బట్టేస్తే పొడి బట్ట వస్తది. డ్రయ్యర్ అంటరట. చిట్టీ ఎత్తిన పైసలు ఏడు వేలు పెట్టెల ఉన్నయ్. చూద్దాం పా అనుకున్న.

శనివారం పొద్దుగాల బయలెల్లిన. ఇప్పుడు నా తెలివి ఇనుండ్రి! మిషన్ మంచిదో కాదో ఎట్ల తెలుస్తది? షాపాయన చెప్పేది ఇని కొంటరా ఎవరన్న? కుండ కొంటే కొట్టి చూస్తం, పుచ్చకాయ కొంటే గిల్లి చూస్తం. మరి బట్టలారేసే మిషన్‌ను తడి బట్టేసి చూడొద్దా? అందుకే ఆ బురదయిన పన్నెండు డ్రెస్సులు మల్ల ఉతికి, తడి తడిగనే పిండి, యూరియా బస్తాల కుక్కి తీస్కపోయిన. పరీక్ష అయితది, బట్టలు గూడ పుణ్యానికి ఆరుతయ్. ఒక్క దెబ్బకు రెండు పనులు. మూడో తరగతి చదివినా ఏం తక్కువ తిన్న నేను?

బస్సెక్కి కూసున్న. పక్కన వచ్చి ఎవరు కూసున్నరు? రాహేలక్క!

"నువ్వెందుకే?"

"నువ్వు కొనేది నా కండ్లతోని చూడకపోతే రేపు ఉత్త డబ్బా తెచ్చి మిషన్ అంటవ్" అన్నది. చంకల ఒక గోనె బస్తా మడత పెట్టుకున్నది. వచ్చేటప్పుడు సామాన్లు తెచ్చుకుంటదట.

రెండు ఊర్లు దాటలేదు, కండక్టర్ వచ్చిండు. "ఏందమ్మా ఇది! బస్సులకు నీళ్ళొస్తున్నయ్!"

చూస్తే యూరియా బస్తకు కింద చిల్లి. నీళ్ళు ముందు సీటు దాంక కాల్వ కట్టినయ్. ఒక పెద్దమనిషి చెప్పులు తీసి చేతుల పట్టుకున్నడు.

"నర్సమ్మల డ్రెస్సులు సార్."

"నర్సమ్మలు లోపలున్నరా ఏంది, గింత నీళ్ళు? చుట్టన్న చుట్టు, దిగన్న దిగు!"

అక్క మొకం అటు తిప్పుకోనే తన గోనె బస్తా నా మీదికి ఇసిరింది. "చుట్టు. నీతోని నా ఇజ్జత్ గూడ పోతది." దాంట్ల నా తడి బస్తాను దించి మూతి కట్టిన. నీళ్ళు ఆగినయ్. నేను థాంక్స్ చెప్పలె, ఆమె అడగలె.

కొత్తగూడెంల పెద్ద షాపు. అద్దాల తలుపు, లోపల ఏసీ, నేల అద్దం లెక్క మెరుస్తుంది. చెప్పులు ఇడిచి పోయినం. టై కట్టుకున్న ఒకాయన, ఎనక గద్దె మీద షాపు సేటు. ఆయన మా దిక్కు మనిషి కాదు, మాట మెత్తగ ఉన్నది.

"రండమ్మా, కూర్చోండి. ఏం చూపించమంటారు?"

"బట్టలారే మిషన్. ఉన్నయన్ని చూపెట్టు."

రెండే ఉన్నయ్. ఒకటి చిన్న డబ్బా. గిర్రున తిరిగి నీళ్ళు పిండుతదంట, స్పిన్ డ్రయ్యర్. ఇంకోటి తెల్లగ, పెద్దగ, ముందట గుండ్రటి అద్దం తలుపు, లోపల వేడి గాలి. ధర పదమూడు వేలు. నేను అది ఇననట్టే ఊకున్న.

"నడిపించి చూపియ్యి."

"తప్పకుండా అమ్మా, ఉత్త మిషన్ తిప్పి చూపిస్తాను..."

"ఉత్తదెందుకు? నేను బట్టలు తెచ్చిన" అని బస్తా దించిన. సేటు మొకం చూడాలె! టై ఆయన గోడకు ఆనుకున్నడు.

ఆ మెరిసే నేల మీద తడి బట్టలు కుప్ప పోస్తే బాగుంటదా? మనకు గామాత్రం మర్యాద తెల్వదా? గోనె బస్తాను నిలువుగ కుట్టు ఇప్పి నేల మీద పరిచిన. దాని మీద పన్నెండు డ్రెస్సులు పోసిన. ఒక్క చుక్క నీళ్ళు నేలకు తగలలె. సేటు కూడ "శభాష్" అన్నట్టే చూసిండు.

ముందు చిన్నదాంట్ల ఏసిన. గిర్రున తిరిగింది, కింద గొట్టంలకెల్లి నీళ్ళు కారినయ్. తీసి చెంపకు పెట్టుకున్న. బట్ట ఆరిందో లేదో చెయ్యికి తెల్వదు, చెంపకే తెలుస్తది. ఉతికేటోళ్ళను ఎవర్నన్న అడుగుండ్రి.

"ఆరలె. గింత పని నా చేతులే చేస్తయ్. తియ్యి, పెద్దది చూపియ్యి."

బట్టలు మల్ల గోనె మీద పోసి, ఒక్కొక్కటే దులిపి పెద్దదాంట్ల ఏసినం. సేటు బటన్లు నొక్కిండు. లైట్లు ఎలిగినయ్! లోపల నా తెల్ల డ్రెస్సులు అద్దంలకెల్లి కనపడుకుంట పల్టీలు కొడ్తున్నయ్. అక్క కూడ నోరు తెరిచి చూసింది. నాకు ఎంత సంబురమైందో! గుంజ ఇగ పోయింది, రాహేలు ఇగ ఓడింది అనుకున్న.

సేటు అడిగిండు. "అమ్మా, మీ వైపు కరెంటు ఎలా ఉంటుంది?"

నాకు కోపమొచ్చింది. "మాదేమన్న అడవనుకుంటున్నవా సేటూ? ప్రతి ఇంటికి మీటరున్నది!"

అక్క ఎందుకో కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. నేను పట్టించుకోలె.

పావుగంట అయ్యిందో లేదో, టై ఆయన తుమ్మిండు. ఒక్కటి. తర్వాత రెండు. సేటు గొంతు సవరించుకున్నడు. ఫ్యాన్ కొనవచ్చిన ముసలాయన "ఎవరో తాలింపు ఏస్తున్నట్టున్నరు" అన్నడు. మిషన్ ఎనక గొట్టంలకెల్లి వేడి గాలి బుస్సున వస్తుంది. ఏసీ షాపాయె, అద్దాలన్ని మూసే ఉన్నయ్. ఇంతల టీవీ చూస్తున్న ఇద్దరాడోళ్ళు దగ్గుకుంట దగ్గుకుంట బయటికి పోయిన్రు. ముసలాయన ఫ్రిజ్ తలుపు తెరిచి తల లోపల పెట్టిండు!

"ఏం కాలుతుంది? ఆపండి! ఆపండి!" అని సేటు.

"ఏం కాల్తలేదు, ఆరినయేమో చూద్దాం" అని నేను. తలుపు గుంజిన. ఒక డ్రెస్సు తీసిన. వేడి వేడిగ, పొడి పొడిగ ఉన్నది. ఇగ అలవాటు కదా, గట్టిగ చెంపకు ఒత్తుకున్న.

అమ్మా! యేసయ్యా!

చెంప మీద నిప్పు పెట్టినట్టయింది. కండ్లు మూసుకపోయినయ్. ముక్కుల మంట, గొంతుల మంట. డ్రెస్సు జేబుల చెయ్యి పెడ్తే గింజలు. మిరపగింజలు!

గప్పుడు తెలిసింది. ఆ గోనె బస్తా నిన్నటిదాంక అక్క మిరపకాయల బస్తా. రాత్రే కాయలు ఒంపి, దులపకుండ మడత పెట్టి తెచ్చింది. దాని మీద నేను రెండుసార్లు తడి బట్టలు పరిచి, దుమ్ము గింజ అంతా అంటించి, వేడి గాలిల ఏసి గిరగిర తిప్పిన. ఖమ్మం మిర్చికి ఇంకేం గావాలె? పొయ్యి మీద ఏపినట్టే!

సేటు కండ్లు తుడుచుకుంట తుడుచుకుంట అరుస్తుండు. "నా మిషన్ పాడు చేశారు! ఇంక దీన్ని ఎవరు కొంటారు? ఎవరమ్మా దీనికి బాధ్యులు?"

"బస్తా ఆమెది!" అని నేను.

"బట్టలు దానియి!" అని అక్క.

"నీ బస్తా లేకపోతే నా బట్టలకు మిర్చి యాడికెల్లి వస్తది?"

"నీ బట్టలు లేకపోతే నా బస్తా మిషన్ల పడ్తదా?"

"నీ కాయల దుమ్ము!"

"నీ తడి పరీక్ష!"

మీరు నమ్ముండ్రి నమ్మకపోండ్రి, పదకొండేండ్ల లొల్లి మాటకు మాట అట్లనే దిగింది, తీగె గుంజ జాగల బట్టలు బస్తా వచ్చినయ్, గంతే. సేటు ఇద్దరి మొకాలు చూసిండు. బయట అద్దం అవుతల జనం ముక్కు మూసుకోని చూస్తున్నరు. ఒక గిరాకీ గూడ లోపలికి వస్తలేదు.

"పదమూడు వేలు కట్టి తీసుకుపోండి" అన్నడు.

గప్పుడు జరిగింది ఒక వింత. అక్క నా మీదికెల్లి తిరిగి సేటు మీద పడ్డది. "పదమూడు వేలా? కంపు కొట్టే మిషన్‌కా? మిర్చి వాసనొచ్చేదాన్ని నువ్వు మల్ల ఎవరికి అంటగడ్తవ్? రేపు నర్సమ్మల దవాఖానాల తెలిస్తే నీ షాపు పేరేమైతది?"

"అవ్, కొత్త మిషన్ల తడి బట్ట ఎయ్యనిచ్చింది నువ్వే కదా సేటూ!" అని నేను అందుకున్న.

"మేం పోతం. మిషన్ నువ్వే పెట్టుకో. వాసన పోయేదాంక షాపు మూసుకో" అని మల్ల అక్క.

ఇద్దరం కలిసి గంటసేపు సేటుతోని లొల్లి పెట్టుకున్నం. పదకొండేండ్లల మొదటిసారి ఒక దిక్కు నిలబడ్డం, అది గూడ ఒక పరాయి మనిషి మీద. సేటు దిగిండు, దిగిండు, మేం తుమ్మినప్పుడల్లా ఇంకింత దిగిండు. ఆఖరికి "తీసుకోండి, పొండి, దయచేసి ఈ బస్తా కూడా తీసుకుపోండి" అన్నడు. ఎంతకు దిగిండో తర్వాత చెప్త.

ట్రాలీ ఆటోల మిషన్ ఎక్కించుకోని మధ్యాహ్నానికి ఇంటికొచ్చినం. బోరింగు కాడ ఆడోళ్ళందరు లేచి నిలబడ్డరు. రాణి లెక్క దిగిన! చెంప ఎర్రగ వాచి ఉన్నది, అది కొంగుతోని కప్పుకున్న.

నేను పాలు మాలినదాన్ని కాదు. పాత గుడ్డలు తడిపి మిషన్ లోపల అంతా తుడిచిన, మూలలల్ల గింజలు సూదితోని తీసిన. ఇగ నాలుగైదు సార్లు తడి పాతగుడ్డలేసి తిప్పితే ఘాటంతా గుడ్డలే గుంజుకుంటయ్ అని లెక్కేసుకున్న. సేటుకు గీ ఉపాయం తెల్వదు పాపం. నర్సమ్మల డ్రెస్సులు మల్ల మూడు నీళ్ళల్ల ఉతికిన. ఎలుకలు, నీళ్ళు రాకుండ ఇనుప పని ఆయనతోని నడుమెత్తు స్టాండు గూడ చేపిచ్చి, వాకిట్ల నా రేకుల షెడ్డుల పెట్టి, దాని మీద మిషన్‌ను నలుగురితోని ఎక్కించిన. పాతగుడ్డలేసిన. బటన్ నొక్కిన. లైటు ఎలిగింది.

బయట ఉరిమింది.

లైటు పోయింది.

బటన్ మల్ల మల్ల నొక్కిన. ఇగ గప్పుడు, చెల్లెండ్లారా, గప్పుడు నాకు సేటు అడిగిన మాట యాదికొచ్చింది. మా ఊర్ల పుట్టి పెరిగిన నాకు తెల్వదా? వాన పడ్డదంటే అడవిల ఏదో కొమ్మ తీగెల మీద పడ్తది. కరెంటు పోతది. వాన ఆగినంక, కొమ్మ దొరికినంక వస్తది. వానున్ననాడు కరెంటు ఉండదు. కరెంటు ఉన్ననాడు ఎండ ఉంటది. ఎండున్ననాడు డ్రయ్యర్ ఎందుకు?

అక్క గుంజ కాడ నిలబడి ఇకిలిస్తుంది.

"నీకు తెలుసు!" అన్న.

"తెల్వకేం?"

"మరి షాపుల ఎందుకు చెప్పలె?"

"నువ్వు కొనేది చూద్దామనే కదనే నేనొచ్చింది!"

శనివారం రాలె కరెంటు. ఆదివారం రాలె. తెల్లారితే సోమవారం. చర్చికి పోయి పాటలు పాడుకుంట కూడ పన్నెండు డ్రెస్సులే కండ్లల్ల కనపడ్తున్నయ్. లాండ్రీ ఆయన మొకం కనపడ్తుంది. వచ్చి ఇస్త్రీ పెట్టెల బొగ్గులు పోసి, తడి డ్రెస్సు మీదనే రుద్దుడు షురూ చేసిన. పొగలు పొగలు. ఒక్కటి ఆరేవరకు అర్ధగంట. పన్నెండు ఎప్పుడు గావాలె?

మూడోది చేస్తుంటే అక్క వచ్చింది. చేతుల తన ఇస్త్రీ పెట్టె.

"జరుగు. అట్ల ఒత్తితే పొద్దూకినా కాదు. నీకు ఇస్త్రీ గూడ రాదు."

"నిన్నెవరు పిలిచిన్రు?"

"నా బస్తా పిలిచింది. జరుగు."

జరిగిన. రెండు పెట్టెలు పక్కపక్కనే నడిచినయ్. పొద్దు గూకకముందే పన్నెండు మడతలు పడ్డయ్.

సోమవారం సిస్టరమ్మ ముందట మూట ఇప్పిన. పై డ్రెస్సు తీసుకున్నది. ఆ చెంప పరీక్ష ఆమెకు నేర్పింది ఎవరు? నేనే! ఆమె డ్రెస్సు ఎత్తి చెంప కాడికి తీస్కపోతుంటే నా చెయ్యి నా వాచిన చెంప మీదికి పోయింది. ఒత్తుకున్నది. కండ్లు మూసుకున్నది. నేను గూడ మూసుకున్న.

"బాగ ఆరినయ్ ఎస్తేరమ్మా" అన్నది. తర్వాత ముక్కు ఎగబీల్చింది. "కొత్త సబ్బా? జర ఘాటుగ ఉన్నది."

"అవ్ సిస్టర్, కొత్త సబ్బే. జలుబుకు గూడ మంచిది."

పని నిలబడ్డది. లాండ్రీ ఆయన ఇంకా బస్టాండు కాడ ఈగలు కొట్టుకుంటుండు.

మంగళవారం ఎండ ఫెళ్ళున కొట్టింది, కరెంటు గూడ వచ్చింది. నేను తీగె పట్టుకోని గుంజ కాడికి పోయిన. శనివారం కలిసి సేటుతోని లొల్లి పెట్టుకున్నం, ఆదివారం కలిసి ఇస్త్రీ చేసినం, ఇగ అక్క ఏమంటది అనుకున్న.

"గుంజ మొకం చూడను అన్నది ఎవరే?" అన్నది. "ఇస్త్రీ వేరే, గుంజ వేరే. నా కాయలు ఆరబెట్టుకోవాలె. పో!"

పోయిన. పోయి షెడ్డుల నిలబడి చుట్టూ చూసిన. డ్రయ్యర్ ఉన్నది. దాని కింద ఇనుప స్టాండు ఉన్నది, నడుమెత్తు, నలుగురు ఎత్తితే గానీ కదలనిది. గప్పుడే నాకు మూడు దినాలది నవ్వు ఒక్కసారి వచ్చింది, పొట్ట పట్టుకోని నవ్విన. తీగె కొస తీస్కపోయి ఆ స్టాండు కాలుకు బిగిచ్చి కట్టిన. గుంజి చూసిన. కదల్లె! ఉత్త స్టాండయితే ఒరుగుతుండె, మీద మిషన్ బరువున్నది కదా, జమ్మని నిలబడ్డది.

ఇప్పుడు తీగె నాది, గుంజ గూడ నాదే. అక్క రోజు పొద్దుగాల వచ్చి దాని దిక్కు చూసి మూతి తిప్పుకోని పోతది. బట్టలు మంచిగ ఎండకు ఆరుతున్నయ్. జిల్లా మొత్తం తిరిగి చూడుండ్రి, బట్టలారేసుకునే గుంజకు నా అంత ఖర్చు పెట్టిన ఆడది ఇంకొకతె ఉంటే నాకు చెప్పుండ్రి: స్టాండుతోని కలిపి, ఆరు వేల ఏడొందల యాభై రూపాయలు.